నా భార్యకు నేను గార్డియన్‌ని

నర్సింగ్ స్కూల్లో చేర్పించిన రోజు ఆఫీసులో కూర్చున్న పెద్దాయన నా భార్యను "తండ్రి ఉన్నడా అమ్మా?" అని అడిగాడు. పోయి చాలా ఏళ్లయిందని ఆమె చెప్పింది. ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"అయితె గార్డియన్ మీరే. హాస్టల్ పిల్లలు ఊరు దాటి పోవాలన్నా, రాత్రి బయట ఉండాలన్నా గార్డియన్ సరే అనాలె. ఫోన్ ఎప్పుడు జేసినా ఎత్తాలె."

పిల్లలు అన్న మాటకు నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఏడో తరగతి చదివే కూతురు ఉంది మాకు. వెనక వరుసలో నిలబడ్డ అమ్మాయిలంతా అప్పుడప్పుడే ఇంటర్ పాసైనవాళ్లు. స్కూల్లో చేరితే అందరూ హాస్టల్లోనే ఉండాలని, ఉన్న ఊళ్లో ఇల్లున్నా, మొగుడూ పిల్లలూ ఉన్నా అదే రూలని ఆ పెద్దాయన చెప్పాడు.

నేను నవ్వలేదు. ఆ రూలు నాకు నచ్చింది. ఆమె వెళ్లిపోతున్న దారికి ఎక్కడో ఒక గేటు ఉందని, దాని గొళ్లెం నా చేతిలో పెట్టారని అనిపించింది. ఇంటికి వచ్చే దారంతా ఆ మాటే నెమరేసుకున్నాను. గార్డియన్ మీరే.

నేను వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించే పని చేస్తాను. పెళ్లయిన కొత్తలోనే ఆమె కుట్టుమిషను నేర్చుకుంది. నేను అమ్మిన చీరకు ఆమె ఫాల్ కుట్టేది, జాకెట్టు కుట్టేది. "మా ఇంట్ల కుడుతది, మంచిగ కుడుతది" అని గిరాకీలను నేనే పంపేవాణ్ని. ఇద్దరి బతుకూ ఒకే గుడ్డ మీద నడిచేది. అందులో నేను ముందు, ఆమె నా వెనక. ఆ వరుస నాకు చాలా హాయిగా ఉండేదని, అది పోయిన తర్వాతే నాకు తెలిసింది.

మా అమ్మ తుంటి విరిగి పెద్ద దవాఖానలో పడినప్పుడు అంతా ఆమే చూసుకుంది. పక్క మంచాల వాళ్లను కూడా పక్కకు తిప్పి పడుకోబెట్టేది, దుప్పట్లు సర్దేది. అది చూసి వార్డులోని సిస్టర్ ఒకామె అందట, "ఉత్తగ ఎందుకు జేస్తవ్ చెల్లే? చదువుకొని చెయ్యి, జీతమిస్తరు" అని. మా అమ్మ ఆ చలికాలమే పోయింది. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది.

"ముప్పై అయిదు దాటితె తీసుకోరట. ఈ ఏడు పోతె ఇగ లేదు," అంది ఒక రోజు అన్నం పెడుతూ.

"ఫీజు?"

"నా చిట్టి ఎత్తుకుంట."

కుట్టుపని మీద వచ్చిన డబ్బుతో ఆమె ఏళ్లుగా వేస్తున్న చిట్టి అది. అది సరిగ్గా మూడేళ్ల చదువుకు సరిపోతుంది. ఒక్క ఏడాది ఎక్కువైనా కట్టే దారి మాకు లేదు. నా డబ్బైతే లేదనేవాణ్ని. ఆమె డబ్బు కావడంతో వద్దనడానికి నాకు మాట దొరకలేదు. "నీ ఇష్టం" అన్నాను. ఆ రెండు మాటలు ఎంత చేదుగా అనవచ్చో అంత చేదుగా అన్నాను. ఆమె వాటిని మంచిగానే తీసుకుంది.

నేను కూడా ఒకప్పుడు డిగ్రీలో చేరినవాణ్నే. మొదటి ఏడాది చివర్లో మా నాయన పోతే దుకాణంలో కుదురుకున్నాను. తర్వాత దూరవిద్యలో పూర్తి చేద్దామని పుస్తకాలు తెచ్చుకున్నాను. పరీక్షలు రాయలేదు. ఎవరూ ఆపలేదు. పొద్దంతా నిలబడి ఇంటికొస్తే కాళ్లు లాగేవి, అంతే. నేను చేయలేనిది చేయరానిదని నాకు నేను సర్దిచెప్పుకుని బతికాను. ఇప్పుడు ఆమె ఇంట్లోనే, నా కళ్లెదుటే, అది చేయవచ్చని చూపించబోతోంది.

యూనిఫారానికి తెల్లగుడ్డ మా దుకాణం నుంచే తెచ్చాను. పనివాళ్లకు ధర తగ్గిస్తారు. అరలో రెండు రకాలున్నాయి. ఒకటి నూలు ఎక్కువ కలిసినది, వేసవిలో ఒంటికి గాలి ఆడుతుంది. ఇంకొకటి మెరుపు గుడ్డ, ఇస్త్రీ అక్కర్లేదు కానీ ఎండలో చెమటంతా లోపలే పట్టి ఉంచుతుంది. ధరలో తేడా పెద్దదేం కాదు. నేను రెండోది కోయించాను. "గట్టిది, మూడేండ్లు చినుగది" అని చెప్పాను. ఆమె సంతోషంగా కత్తిరించి కుట్టుకుంది. మొదటి వేసవిలోనే మెడ చుట్టూ, వీపు నిండా చెమటకాయలు లేచాయి. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు పౌడరు రాయమని వీపు చూపిస్తే, రాస్తూ నేను నోరు విప్పలేదు. అప్పటికే నాలో ఏదో చెడిందని ఆ పౌడరు రాస్తున్న చేతికి తెలుసు.

నెలలో ఒక ఆదివారం హాస్టల్లో చూడనిస్తారు. హన్మకొండ చివర, గేటు లోపల రేకుల షెడ్డు కింద బల్లలు వేసి ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తల్లిదండ్రులు టిఫిన్ డబ్బాలు మోసుకుని వస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయికి పరీక్షలుండి నేనొక్కణ్నే వెళ్లాను. నా పక్కన రఘునాథపల్లి నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో జొన్నరొట్టెల మూట ఉంది.

"మీ బిడ్డ ఏ ఇయరే అన్నా?" అని అడిగాడు.

నలభై ఒక్కటికే నా తల ముగ్గుబుట్టలా ఉంది. బిడ్డ కాదు భార్య అని చెప్పడానికి నోరు తెరిచాను. చుట్టూ ఉన్న తండ్రులను చూశాను. అందరి ముందూ ఆ మాట అంటే ఎన్ని ప్రశ్నలొస్తాయో కనిపించింది. "ఫస్ట్ ఇయరే" అన్నాను.

"మాదీ ఫస్ట్ ఇయరే. మస్తు హుషారు పిల్ల. కొత్తల ఏడ్సింది గని, రూముల ఒక పెద్దక్క ఉందట. పెండ్లయినామె. తల దువ్వుతదట, చదువు చెప్తదట, బట్టలు కుడుతదట. ఆ అక్క లేకుంటె ఇంటికొస్తుంటి నాయినా అంటది. ఆ మొగుడెవ్వడో గని మంచోడై ఉంటడు, ఇంటిదాన్ని చదువుకు పంపుడంటె మాటలా?"

నేను చెప్పులవైపు చూస్తూ కూర్చున్నాను. అంతలోనే మెట్ల మీద గలగలమని నలుగురు అమ్మాయిలు దిగారు. మధ్యలో నా భార్య. జుట్టు బిగించి ముడి వేసుకుంది, మీద వల కట్టుకుంది. ఎవరో ఏదో అంటే తల వెనక్కి వేసి నవ్వుతోంది. ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. పెళ్లికి ముందు ఆమెకు ఆ నవ్వు ఉండేదేమో, నా ఇంటికి వచ్చేటప్పుడు పుట్టింట్లో వదిలేసి వచ్చిందేమో అనిపించింది.

రైతు లేచాడు. "ఇగో బిడ్డా, మీ నాయినొచ్చిండు సూడు," అని నన్ను చూపించాడు.

ఆయన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాయినా! గాయిన అక్క వాళ్ల సారు!"

షెడ్డంతా నవ్వింది. ఆ రైతు చేతులు జోడించి "తప్పయింది అన్నా, తప్పయింది. నువ్వు జెప్పద్దా మరి?" అని తానూ నవ్వాడు. నా భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, నా పక్కన కూర్చుని, డబ్బా మూత తీసి, "ఏం దెచ్చినవ్ నాయినా?" అంది.

అది వేళాకోళమే. ఇంట్లో అయితే నేనూ నవ్వేవాణ్ని. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆమెకు రెండోసారి పద్దెనిమిదేళ్లు వచ్చాయి. నాకు మాత్రం ఒకేసారి తండ్రి వయసు వచ్చి పడింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయిలు నన్ను చూస్తే చాలు, ఒకరినొకరు గిల్లుకునేవాళ్లు.

మగపిల్లలు కూడా నలుగురైదుగురు ఆ బ్యాచ్‌లో ఉన్నారు. వాళ్లు వేరే చోట ఉండేవాళ్లు. వాళ్లలో ఎవరి మీదా నాకు అనుమానం కలగలేదు. కలిగి ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. నా అసూయకు ఒక మనిషి లేడు. ఆమె పుస్తకాన్ని చూసి అసూయ, ఆమె మంచాన్ని చూసి అసూయ, ఆమె పేరు చివర అక్క అని పిలిచే గొంతులను చూసి అసూయ. మా అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ లాక్కుని సైన్సు డౌట్లు తల్లినే అడిగేది. గుండెలో ఎన్ని గదులుంటాయో నేను కూడా చెప్పగలను. నన్ను అడగలేదు.

రెండో ఏడాది సెలవుల్లో బీపీ చూసే మిషను ఒకటి స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చింది. ప్రాక్టీసు కోసం నన్ను కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టింది.

"మాట్లాడకు. చెయ్యి వదులుగ పెట్టు."

ఆమె వేళ్లు నా మోచేతి మడతలో నాడి వెతికాయి. నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నా చేతిని అంత శ్రద్ధగా పట్టుకోలేదనిపించింది. వెంటనే ఆ శ్రద్ధ నా కోసం కాదని, ఏ చెయ్యైనా అంతేనని తోచింది.

"రోజుకు ఎంతమంది చేతులు పట్టుకుంటవ్ గిట్ల?"

"మాట్లాడకన్న. లెక్క తప్పుతది."

"మొగోళ్లకు గూడ స్నానం చేపిస్తవా?"

ఆమె చెవుల నుంచి గొట్టాలు తీసింది. "లేవలేనోళ్లకు చేపిస్త. మీ అమ్మకు చేపించినట్టే. ఎందుకు?"

"ఉత్తగనే అడిగిన."

"ఉత్తగ అడిగినోని బీపీ గింత ఉండది," అని పట్టీ విప్పింది. "ఉప్పు తగ్గించు. కోపం గూడ."

ఆ తర్వాత నెలకి వాళ్ల బ్యాచ్‌ను ములుగు వైపు అడవి పల్లెలకు తీసుకెళ్లే సమయం వచ్చింది. అక్కడే కొన్ని వారాలు ఉండి, ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను, పసిపిల్లలను చూడాలి. ఆ పని పూర్తయితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. కాకపోతే జూనియర్లతో కలిసి ఇంకో ఏడాది చదవాలి. చిట్టి డబ్బు మూడేళ్లకే. కాబట్టి అది తప్పితే చదువు అక్కడితో ఆగినట్టే. ఈ సంగతి ఆమె నాకు ముందే విడమరచి చెప్పింది. తెలియక చేశానని అనడానికి లేదు.

బయలుదేరే రోజు పొద్దున దుకాణంలో ఉండగా ట్యూటర్ మేడం ఫోన్ చేసింది.

"సార్, పిల్లలను మధ్యాహ్నం బస్సులో తీస్కపోతున్నం. గార్డియన్లందరికీ చేస్తున్నా. మీ మిసెస్‌ను పంపమంటరా?"

అందరికీ అడిగే మాట అది. అందరూ సరే అనే మాట. నేను కూడా అనబోయాను. అప్పుడు ఫోన్లో వెనక నుంచి అమ్మాయిల కేకలు వినిపించాయి. బస్సులో కిటికీ సీటు ఎవరిదని కొట్లాట. ఆ కేకల్లో ఆమె గొంతు కూడా ఉంది. "నేను పెద్దదాన్ని, నాకే కిటికీ!" అంటోంది.

"లేదు మేడం," అన్నాను. "పాపకు మస్తు జ్వరం. ఇంట్ల ఎవ్వరు లేరు. పంపలేను."

"అయ్యో. సరే సార్, ఇంటికి పంపిస్త."

ఫోన్ జేబులో పెట్టుకుని చీరల మడతలు సర్దాను. ఆ మాట చెప్పడానికి ముందు నుంచే అలవాటు పడ్డవాడిలా ఉన్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చోదని మాత్రం తెలుసు, ఆ ఒక్కటీ నాకు చల్లగా తగిలింది.

పెళ్లిళ్ల కాలం. పల్లె నుంచి ఒక పెళ్లివారు ట్రాలీ ఆటోలో వచ్చి నా ముందు పరుపు మీద చేరారు. ముసలామె ఒకావిడ పెద్దరికం చేస్తోంది. నేను ఒకదాని మీద ఒకటి చీరలు విప్పి పరుస్తున్నాను. ఆ మధ్యాహ్నం నా భార్య దుకాణం మెట్లెక్కింది. తెల్ల యూనిఫారం, చేతిలో ప్రయాణానికి సర్దుకున్న సంచి. ఇంకో చేత్తో స్కూలు బట్టల్లో ఉన్న మా అమ్మాయి. ఇంటికి తాళం చూసి స్కూలుకు పరుగెత్తింది కాబోలు, పర్మిషన్ అడిగి తీసుకొచ్చింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చెప్పులు విప్పి, గిరాకీల్లో ఒకతిలా పెళ్లివారి పక్కన పరుపు మీద కూర్చుంది. గల్లా దగ్గర నుంచి సేటు కేకేశాడు, "ఏందయ్యా, మీ ఇంటామె గాదు? ఛాయ్ జెప్పు!"

"ఒద్దు సేటూ," అంది. తర్వాత నా వైపు వంగి, గొంతు తగ్గించింది. "పాపకు జ్వరమట గదా."

నేను ఒక ఆకుపచ్చ చీర విప్పాను.

ఆమె మా అమ్మాయి చెయ్యి తీసుకుని, చీర మీదుగా, నా చేతిలో పెట్టింది. "చూడు. ఎంత కాలుతాందో చూడు."

చల్లటి చెయ్యి. వేళ్ల మీద ఇంకు మరకలున్నాయి. అమ్మాయికి ఏమీ అర్థం కాక ఒకసారి నన్ను, ఒకసారి తల్లిని చూస్తోంది.

ముసలామె మధ్యలో దూరింది. "నర్సమ్మా, గీ పచ్చది పిల్లకు నప్పుతదా? పిల్ల జర నలుపు."

"నప్పుతది అవ్వా. అంచు మంచిగుంది, తీస్కో," అని నా భార్య నవ్వుతూ చెప్పింది. మళ్లీ నా వైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. "బస్సు పోయింది. ఆటోల కూసున్నకాడికెళ్లి స్కూలు దాక దీనికేమైందో అని నా పానం పానంల లేదు. స్కూల్ల ఉరుకుతాంది ఇది, కోకో ఆడుతాంది."

"మేడంకు ఫోన్ జేసి చెప్త. తగ్గిందని చెప్త."

"ఫోన్ల ఇగ చెప్పకు. రేపు పొద్దుగాల నాతోని నువ్వొస్తవ్. మేడం ముంగట నిలబడి ఏం జెప్పాల్నో నువ్వే చెప్తవ్. నేను చెప్ప."

ముసలామె ఆ పచ్చ చీరే తీసుకుంది. నర్సమ్మ చెప్పింది కదా అని.

మర్నాడు పొద్దున మేం ముగ్గురం ములుగు బస్సెక్కాం. అమ్మాయిని స్కూలుకు పొమ్మంటే వినలేదు. "నేను గూడ వస్త. జ్వరం నాకే గదా డాడీ," అంది. అప్పటికి దానికి అంతా తెలిసింది. ముందు సీట్లో తల్లీకూతుళ్లు, వెనక నేను. ములుగులో దిగి జీపు ఎక్కాం. దారి పొడవునా టేకు చెట్లు. నేను ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను. నిజం చెప్పాలనే బయలుదేరాను. ఊరు దగ్గరపడే కొద్దీ ఆ నిజం చుట్టూ మెత్తటి మాటలు చేరసాగాయి.

ఊరి చివర చిన్న ఆరోగ్య కేంద్రం. దాని ముందు పందిరి కింద తల్లులు పిల్లలను ఎత్తుకుని వరుసలో ఉన్నారు. అమ్మాయిలు పసిపిల్లలను తొట్టిలో వేసి తూకం వేస్తున్నారు. మమ్మల్ని చూడగానే రఘునాథపల్లి రైతు కూతురు "అక్కొచ్చింది!" అని కేకేసింది. పని వదిలేసి నలుగురూ దగ్గరికి ఉరికొచ్చారు. మేడం కుర్చీలోంచి లేచింది.

"ఏమైంది సార్? పాపకెట్లుంది?"

నా భార్య సంచి కింద పెట్టి పక్కకు జరిగింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"రాత్రికల్ల తగ్గింది మేడం," అన్నాను. "అందుకే తోలుకొచ్చిన."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నిన్నటి అబద్ధానికి ఇది చిన్న అతుకు. ఎవరికీ నష్టం లేదు, ఆమె పోస్టింగు ఆమెకు దొరుకుతుంది, నా పరువు నాకు మిగులుతుంది. నా భార్య వైపు చూడకుండా ఉండటానికి తొట్టిలో పిల్లవాణ్ని చూశాను.

మేడం మంచి మనిషి. మా అమ్మాయిని దగ్గరికి పిలిచింది. నుదుటి మీద చెయ్యి వేసి, "ఇప్పుడెట్లుందమ్మా? నీరసం ఉందా?" అని అడిగింది.

అమ్మాయి తల్లిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నా ముఖంలో దానికి ఏం కనిపించిందో.

"ఇప్పుడు తగ్గింది ఆంటీ," అంది. "రాత్రి గోలి ఏసిండు డాడీ."

గోలి సంగతి నేను చెప్పలేదు. అది తనే కల్పించింది. నన్ను కాపాడాలని, నా అబద్ధానికి సరిపోయేలా తన వంతు కుట్టి ఇచ్చింది. పదమూడేళ్ల పిల్ల. చెప్పి తలవంచుకుని చెప్పు వేలితో మట్టి గీరసాగింది. నా భార్య అప్పుడు కళ్లు మూసుకుంది. ఆమె దుకాణంలో అరిచి ఉన్నా, నలుగురిలో తిట్టి ఉన్నా, నాకు అంత తగిలేది కాదు.

"మేడం," అన్నాను. "పాపకు నిన్న గూడ మంచిగనే ఉండె. జ్వరం లేదు, గోలి లేదు. నేనే అబద్ధం జెప్పిన. అది నా కోసం చెప్తాంది."

తూకం దగ్గర ఉన్న అమ్మాయి చెయ్యి ఆగింది. వరుసలో తల్లులు కూడా వింటున్నారు.

"ఎందుకు సార్?"

"ఈమె ఇక్కడికొచ్చుడు నాకు నచ్చలే."

"అదే, ఎందుకు? ఏమన్నా అనుమానమా?"

"అదేం లేదు మేడం. ఈమె మంచిగుంటాంది. నేను లేకున్నా మంచిగుంటాంది. ఓర్వలేకపోయిన."

ఇంకొకరి నోట విన్నట్టు విన్నాను ఆ మాట. ఎవరూ నవ్వలేదు. ఆదివారాలు నన్ను చూసి గిల్లుకునే అమ్మాయిలు కూడా నవ్వలేదు. మేడం రిజిస్టరు తెరిచింది.

"ఇంత దూరమొచ్చి చెప్పిండ్రు కాబట్టి ఈమెను ఉండనిస్త. నిన్నటి రోజు తర్వాత పూర్తి చేపిస్త. గని మీ మాట మీద ఈ పిల్లను ఇంకోసారి ఆప, పంప. గార్డియన్‌ను మారుస్త." నా భార్య వైపు తిరిగింది. "నీకు ఇంకెవరున్నరు?"

నిజం చెప్పాను కదా, ఆయననే ఉండనీయండి అంటుందని ఒక ఆశ నాకు కలిగింది. ఆ ఆశ కలిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నిజం చెప్పినందుకు బహుమానం కావాలనుకున్నాను.

"మా అక్కను పెట్టండి మేడం," అంది ఆమె. క్షణం కూడా ఆలోచించలేదు.

తర్వాత వంగి అమ్మాయి జుట్టు సర్దింది. "నువ్వు ఇంకోసారి ఎవరి కోసమైనా గిట్ల చెప్పకు. డాడీ కోసం గూడ," అని మెల్లిగా చెప్పింది. సంచి ఎత్తుకుని పందిరి కిందికి వెళ్లిపోయింది. నేను జీపు ఎక్కేటప్పుడు వెనక్కి చూస్తే, ఏడుస్తున్న పసివాణ్ని తొట్టిలో వేసి ముల్లు చూస్తోంది.

తిరుగు బస్సులో అమ్మాయి నా పక్కనే కూర్చుంది. చాలా దూరం వచ్చాక "నీకు మమ్మీ మీద కోపమా?" అని అడిగింది. కోపం కాదన్నాను. "మరేంది?" అంది. మా క్లాసులో ఎవరికైనా నాకంటే ఎక్కువ మార్కులొస్తే నాకు ఎట్లుండేదో అట్లుంది అని చెప్పాను. "అయితె నువ్వు గూడ చదువు," అని కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత ఆదివారాలు హాస్టలుకు వెళ్తే వాచ్‌మన్ నన్ను గేటు దగ్గరే ఆపేవాడు. రూలు ప్రకారం గార్డియన్ కాని మగవాణ్ని లోపలికి పంపాలంటే గార్డియన్‌ను అడగాలి. అతను నా ముందే మా వదినకు ఫోన్ చేసేవాడు. ఆమె హుజూరాబాద్‌లో కూరగాయలు అమ్ముతుంది. స్పీకరు పెట్టకపోయినా ఆమె గొంతు గేటు దాకా వినిపించేది.

"అమ్మా, మీ చెల్లె మొగుడొచ్చిండు. పంపమంటరా?"

"ఎవరు, మా మరిదా? ఇయ్యాల ఎవరికి జ్వరమట?"

వాచ్‌మన్‌కు ఆ కథ అప్పటికే తెలుసు. నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకునేవాడు. నేను డబ్బా పట్టుకుని ఎండలో నిలబడేవాణ్ని. ఒకసారి వదిన బేరంలో పడి ఫోన్ ఎత్తలేదు. లోపలి నుంచి అమ్మాయిల మాటలు, వాటిలో ఆమె మాట వినిపిస్తూనే ఉంది. నేను వచ్చానని ఆమెకు తెలియదు. ఇంకొకరు సరే అంటే తప్ప అడుగు పడని చోట నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజు నా కాళ్లకు తెలిసింది. ఏడాదికి పైగా ఆమెను అలా నిలబెట్టినవాణ్ని నేనే. ఎంతో సేపటికి వదిన ఫోన్ చేసింది. "అయ్యో, ఎండల ఉంచినవా? పంపు, పంపు. నీళ్లియ్యి ముందుగాల," అంది.

ఆమె మూడేళ్లూ పూర్తి చేసింది. ఇప్పుడు హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పని చేస్తోంది. నేను అదే దుకాణంలో ఉన్నాను. ఆమె జీతం నా జీతాన్ని దాటింది. ఆ నెల నేను రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మారిపోయానని రాయడానికి నాకు మనసొప్పదు. ఆ గుణం నాలో ఉంది. బజారులో ఎవరైనా ముసలాయన ఆమెను ఆపి "సిస్టరమ్మా, నీ చేతుల్ల బతికిన" అంటే, పక్కన కూరగాయల సంచి పట్టుకుని నిలబడ్డ నాకు కడుపులో ఇప్పటికీ అదే మంట. కాకపోతే ఇప్పుడు ఆ మంటకు జ్వరమనీ, డబ్బనీ, పిల్లలనీ వేరే పేర్లు పెట్టను.

కొన్ని రోజులు ఆమె డ్యూటీ నుంచి తనలో తాను నవ్వుకుంటూ వస్తుంది. చెప్పులు విప్పుతూ కూడా నవ్వుతుంది. ఆ నవ్వులో నేను లేనని నాకు తెలుస్తూనే ఉంటుంది. ఒకప్పుడు ముఖం ముడుచుకుని అవతలి గదిలోకి పోయేవాణ్ని. ఇప్పుడు అడుగుతాను. "ఏందట, గంత నవ్వుతానవ్?"

"ఓర్వవా?" అంటుంది.

"ఓర్వ. అయినా చెప్పు."

ఒక్కోసారి చెబుతుంది. ఒక్కోసారి చెప్పదు.